ఒక్క ఏడాదేగా!

"ఒక్క ఏడాదేగా! పెద్దదాన్ని మా దగ్గర వదిలెయ్. యూకేజీ ఏ ఊళ్లో చదివితే ఏంటి?"

జులైలో ఓ రాత్రి మా అమ్మ ఫోన్లో అన్న మాట ఇది. అప్పుడు టైమ్ పదిన్నర. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని చిన్నోడి నుదుటి మీద తడిగుడ్డ వేస్తున్నా. సింక్ నిండా గిన్నెలు. వాషింగ్ మెషీన్ పని అయిపోయిందని కూత పెట్టి గంట దాటింది, బట్టలు తీసి ఆరేసే దిక్కు లేదు. నిజం చెప్పొద్దూ, ఆ మాట వినగానే నాకేం బాధ కలగలేదు. 'హమ్మయ్య' అనిపించింది.

ఆ 'హమ్మయ్య' గురించే ఇదంతా రాస్తున్నా.

మేముండేది హైదరాబాద్‌లో, కేపీహెచ్‌బీ కాలనీ. పంజాగుట్టలో ఓ ఆఫీసులో అకౌంట్స్ చూస్తా. మా ఆయనది మధ్యాహ్నం షిఫ్టు. ఒంటిగంటకి బయల్దేరితే మళ్లీ ఇల్లు చేరేది రాత్రి పదకొండు దాటాకే. పెద్దదానికి ఐదేళ్లు, చిన్నోడికి అప్పటికి పదకొండు నెలలు.

చిన్నోడు పుట్టినప్పుడు ఆరు నెలలు సెలవు దొరికింది. 2017లో చట్టం మార్చాక మొదటి ఇద్దరు పిల్లలకీ 26 వారాల సెలవు జీతంతో ఇవ్వాలి కదా, ఆ పుణ్యమే. యాభై మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట పిల్లల కోసం క్రెష్ ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకునే వీలివ్వాలని కూడా అందులోనే ఉంది. మా ఆఫీసులో ఆ గదికి బోర్డయితే ఉంది. తలుపు తీస్తే లోపల పాత కుర్చీలు.

సెలవు అయిపోయాక అమ్మ వచ్చి ఇల్లంతా తన మీద వేసుకుంది. కానీ ఎన్నాళ్లని ఉంటుంది? తెనాలి దగ్గర మా ఊళ్లో నాన్న ఒక్కరే. కాలవలకి నీళ్లొదిలితే నారుమళ్ల పని మొదలు. జూన్ మొదటి వారంలో అమ్మ రైలెక్కింది. 12న స్కూళ్లు తెరిచారు. అక్కణ్నుంచి మొదలైంది మా ఇంట్లో అసలు హడావిడి.

పొద్దున అయిదుకి లేవాలి. పాలు, టిఫిన్, లంచ్ బాక్సు, స్నాక్స్ బాక్సు. రాత్రి పదింటికి స్కూల్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది, 'రేపు ఎల్లో కలర్ డే' అని. ఆ పసుపు గౌను ఉతికిన బట్టల కుప్పలో అట్టడుగున ఎక్కడో ఉంటుంది. సాక్స్ ఒకటి దొరికితే రెండోది దొరకదు. అది వెతికేలోపు చిన్నోడు పాక్కుంటూ వెళ్లి బియ్యం డబ్బా బోర్లిస్తాడు. 7.50కి వ్యాన్ హారన్. ఎనిమిదిన్నరకి చిన్నోణ్ని రెండు వీధుల అవతలున్న క్రెష్‌లో దించాలి. వాడు నా చున్నీ వదలడు. ఒక్కో వేలూ విడదీసి ఆయా చేతికిచ్చి, వెనక్కి చూడకుండా వచ్చి మెట్రో స్టేషన్ మెట్లెక్కేదాన్ని. చూస్తే మళ్లీ వెనక్కెళ్లిపోతానని భయం.

కేపీహెచ్‌బీ నుంచి పంజాగుట్టకి తొమ్మిది స్టేషన్లు. రోజు మొత్తం మీద నాకంటూ మిగిలేది ఆ తొమ్మిది స్టేషన్లే. కాసేపు ఫోన్ చూద్దామని తీస్తే ఎర్రగడ్డ దాటేలోపే కళ్లు మూతపడేవి. రెండుసార్లు ఖైరతాబాద్ దాకా వెళ్లిపోయి వెనక్కొచ్చా.

ఇక్కడిదాకా చదివి 'ఏముంది, అందరిళ్లల్లో ఇదే కదా' అనుకుంటున్నారా? నేనూ అలాగే సర్దిచెప్పుకున్నా. జులై రెండో వారం దాకా.

ఆ వారం పెద్దదానికి జ్వరం వచ్చింది. నోట్లో పుళ్లు, అరచేతుల్లో, అరికాళ్లలో ఎర్రటి పొక్కులు. హ్యాండ్ ఫుట్ మౌత్ అన్నారు డాక్టర్. వైరస్‌తో వచ్చేది కాబట్టి దానికంటూ వేరే మందు లేదు, మామూలుగా వారం పది రోజుల్లో అదే తగ్గిపోతుంది, జ్వరానికి సిరప్ ఇవ్వండి, చల్లటి పాలు, నీళ్లు కొంచెం కొంచెంగా పట్టించండి అని చెప్పారు. "ఇంట్లో ఇంకో చిన్నబాబు ఉంటే దూరంగా ఉంచండి" అని కూడా అన్నారు. రెండు గదుల ఇంట్లో దూరం ఎక్కణ్నుంచి తెచ్చేది?

నాలుగో రోజుకి చిన్నోడికీ అంటుకుంది. ఆకలేస్తుంది, పాలు తాగబోతే నోరు మండుతుంది, ఏడుస్తాడు. ఏడాది మొత్తానికీ ఉన్న నా క్యాజువల్ లీవులు ఆ నెలలోనే అయిపోయాయి. ఆఫీసులో టీమ్ లీడ్ పోస్టు ఖాళీ అయ్యి, దానికి నా పేరు వినిపిస్తున్నదీ సరిగ్గా అప్పుడే.

ఆ రాత్రి పెద్దది మంచం దగ్గరికొచ్చి తమ్ముడి చెయ్యి పట్టుకోబోయింది. నేను నోరు జారా.

"ముట్టుకోవద్దన్నానా! నీ వల్లే కదా వాడికి వచ్చింది!"

అది ఏమీ అనలేదు. చెయ్యి వెనక్కి తీసేసుకుంది. నేనా మాట అప్పుడే మర్చిపోయా. మర్నాడు రాత్రి అమ్మ ఫోన్ చేసింది.

ఎవర్ని అడిగినా అమ్మ మాటే కరెక్టన్నారు. మా ఆయన "మీ అమ్మావాళ్ల దగ్గరేగా, పరాయివాళ్లా?" అన్నారు. ఆఫీసులో నా పక్క సీటు అక్క వాళ్ల బాబు రెండేళ్లు నానమ్మ దగ్గరే పెరిగాడు, ఇప్పుడు బంగారంలా ఉన్నాడు. అమెరికాలో ఉన్న నా ఫ్రెండ్ పది నెలల పాపని ఇక్కడ అమ్మ దగ్గర వదిలి ఫ్లైటెక్కింది. మన తెలుగువాళ్లిళ్లల్లో ఇదేం కొత్త కాదు.

అంతెందుకు, నేనూ అలా పెరిగినదాన్నే. తమ్ముడు పుట్టినప్పుడు నాకు నాలుగేళ్లు. అమ్మకి ఒంట్లో బాగోలేక నన్ను రేపల్లె వైపు పల్లెలో మా అమ్మమ్మ దగ్గర ఉంచారు. ఏడాదన్నది రెండేళ్లయింది. ఆ రెండేళ్లూ తలుచుకుంటే నాకు అన్నీ తీపి గుర్తులే. తాటి ముంజలు, గేదె ఈనితే జున్ను, రాత్రిపూట ఆరుబయట అమ్మమ్మ పక్కలో కథలు. నాకేం తక్కువైంది? దానికి మాత్రం ఏం తక్కువవుతుంది? అలా లెక్కేసుకుని శనివారానికి రైలు టిక్కెట్లు కూడా బుక్ చేసేశాం.

గురువారం రాత్రి దాని బట్టలు సర్దుతున్నా. పక్కనే కూర్చుని చూస్తోంది. క్రేయాన్స్ డబ్బా తెచ్చి తనే బ్యాగులో పెట్టింది. ఏడవలేదు, మారాం చెయ్యలేదు. చిన్న బిస్కెట్ ముక్క విరిగిపోతేనే ఇల్లు పీకి పందిరేసే పిల్ల అంత బుద్ధిగా కూర్చోవడం నాకు వింతగా అనిపించింది.

"అమ్మా, తమ్ముడికి పొక్కులు తగ్గిపోయాయా?"

"తగ్గిపోయాయి నాన్నా."

"నాకు కూడా తగ్గిపోయాయి, చూడు." రెండు అరచేతులూ నా ముందు చాపింది. "ఇంక నేను ఎవరికీ అంటించను. అయినా పంపించేస్తావా?"

చేతిలో గౌను చేతిలోనే ఉండిపోయింది.

ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకున్నాం, ఊళ్లోవాళ్లని అడిగాం, ఆఫీసులో అడిగాం. దాన్ని మాత్రం ఎవరూ అడగలేదు. అది తనకి తోచినట్టు అర్థం చేసుకుంది. తప్పు చేసింది కాబట్టి పంపించేస్తున్నారు. ఆ తప్పేంటో చెప్పింది కూడా నేనే.

పిల్లలు పడుకున్నాక అమ్మకి ఫోన్ చేశా. మా ఇంట్లో ఒక పాత జోకుంది. రెండేళ్ల తర్వాత అమ్మ నన్ను తీసుకెళ్లడానికొస్తే నేను అమ్మమ్మ చీర కుచ్చిళ్ల వెనక దాక్కుని "ఈవిడెవరు?" అన్నానట. ఎవరింట్లో పెళ్లయినా అమ్మ ఈ కథ చెప్పి నవ్వించేది. ఆ రాత్రి మొదటిసారి నేను నవ్వకుండా అడిగా.

"అప్పుడు నీకేమనిపించిందమ్మా?"

చాలాసేపు మాట్లాడలేదు.

"ఇంటికొచ్చాక ఓ నెల్రోజులు రాత్రుళ్లు లేచి అమ్మమ్మా అని ఏడ్చేదానివి. నేను పక్కనే ఉండేదాన్ని. దగ్గరకు తీసుకోబోతే అటు తిరిగి పడుకునేదానివి."

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? నాకప్పుడు ఒంట్లో ఓపిక లేదు, ఇంట్లో సాయం లేదు. నాకు వేరే దారి లేదమ్మా. నీకు ఉందేమో చూసుకో. లేదంటావా, నేనున్నాగా, కళ్లల్లో పెట్టుకుని చూసుకుంటా."

'నీకు ఉందేమో చూసుకో' అన్న ఆ ఒక్క మాట పట్టుకుని కూర్చున్నా. ఒక్క ఏడాదేగా అంటాం. నాకు ముప్పై రెండేళ్లు, నా బతుకులో ఏడాదంటే లెక్కలోకి రాదు. దాని బతుకు మొత్తం కలిపితేనే ఐదేళ్లు. అందులో ఒకటంటే ఎంతో మీరే చెప్పండి.

మా ఆయన వచ్చేసరికి పదకొండుంబావు. అన్నం పెట్టి, ఓ కాగితం ముందేశా. పొద్దున అయిదు నుంచి రాత్రి దాకా ఇంట్లో జరిగే పనులన్నీ రాశా, ఎవరు చేస్తున్నారో పక్కన పేరుతో సహా. మొత్తం 43 వచ్చాయి. ఆయన పేరు ఉన్నవి ఆరు.

ఆయన గొడవేం పడలేదు. కాగితం రెండుసార్లు చదివారు. "పొద్దున నన్ను లేపొచ్చుగా" అన్నారు.

"రాత్రి లేటుగా వస్తారు కదా, పడుకోనిద్దామని."

"నువ్వు మాత్రం ఎన్నింటికి పడుకుంటున్నావు?"

ఇన్నాళ్లూ ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. తప్పెవరిదంటే ఇద్దరిదీ. ఆయన వాటా కాస్త ఎక్కువ, అది కూడా రాసేస్తున్నా, చదువుతారు కాబట్టి.

శనివారం రైలు మేం లేకుండానే వెళ్లింది. ఇప్పుడు ఆరున్నరకి ఆయన లేస్తారు. పిల్లల స్నానాలు, వ్యాన్ ఎక్కించడం ఆయన పని. చిన్నోడు మధ్యాహ్నం పన్నెండున్నర దాకా నాన్న దగ్గరే ఉంటాడు, ఆ తర్వాతే క్రెష్. వారంలో రెండు రోజులు కూరలు కర్రీ పాయింట్ నుంచే. ఎల్లో కలర్ డే అయితే పసుపు రిబ్బన్ కడతా, అంతే. ఎవరూ ఏమీ అనలేదు. అసలు ఎవరూ చూడను కూడా లేదు.

టీమ్ లీడ్ పోస్టు ఈ ఏడాదికి వద్దని నేనే చెప్పేశా. నాకంటే రెండేళ్లు జూనియర్‌కి వచ్చింది. బాధ లేదంటే అబద్ధం. ఆ రోజు మెట్రోలో నిద్ర కూడా పట్టలేదు. కానీ దీన్ని దయచేసి త్యాగం అనకండి. ఆ మాటంటే నాకు భయం. ఇవాళ త్యాగం అని రాసుకుంటే పదిహేనేళ్ల తర్వాత పిల్లల దగ్గర వడ్డీతో సహా వసూలు చేస్తాం. వచ్చే ఏడాది మళ్లీ అడుగుతా. అప్పుడు రాకపోతే గొడవ పడతా.

ఇంతకీ అసలు పని ఒకటుంది కదా. శుక్రవారం పొద్దున పెద్దదాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పా. "తమ్ముడికి పొక్కులు నీ వల్ల రాలేదు. కంటికి కనపడని ఓ పురుగు వల్ల వచ్చాయి. అదే ముందు నీకూ వచ్చింది. అమ్మ విసుగులో తప్పు మాట అనేసింది."

కాసేపు ఆలోచించింది. "అయితే తప్పు పురుగుదేనా?"

"పురుగుదే."

"మరి ఆ పురుగునే ఊరికి పంపించెయ్."

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. రెండూ చేశా.

పిల్లల్ని అమ్మమ్మ, నానమ్మల దగ్గర ఉంచినవాళ్లు తప్పు చేశారని నేను అనట్లేదు. వేరే దారి లేని అమ్మలు ఎంతమందో. మా అమ్మే అందుకు సాక్షి. నేను చెప్పేది ఒక్కటే. పంపాల్సే వస్తే ఎందుకు పంపుతున్నారో, ఎప్పుడు తీసుకొస్తారో వాళ్లకి అర్థమయ్యే మాటల్లో చెప్పండి. నీ తప్పేం లేదని మరీ మరీ చెప్పండి. మనం చెప్పకపోతే వాళ్లే ఏదో ఒక కారణం వెతుక్కుంటారు. ఆ వెతుకులాటలో ఎక్కువగా వాళ్లకి దొరికేది వాళ్లే.

మా ఇల్లేమీ మారిపోలేదు. సాక్స్ ఇప్పటికీ ఒకటే దొరుకుతుంది. మొన్న మళ్లీ పంజాగుట్ట దాటిపోయి ఖైరతాబాద్‌లో దిగా. దసరా సెలవులకి నలుగురం కలిసి ఊరెళ్తున్నాం. నిన్న రాత్రి పెద్దది అదే బ్యాగు తీసి సర్దడం మొదలెట్టింది. ముందు తమ్ముడి చొక్కాలు రెండు పెట్టింది, వాటి మీద తన క్రేయాన్స్ డబ్బా పెట్టుకుంది.