అరకు ప్రయాణము: చలికాలమున ఏ దారి మేలు?

సంక్రాంతి సెలవులలో అరకులోయ చూడబోవలెనను కోరిక మన యిండ్లలో ఏటేట పెరుగుచున్నది. ప్రయాణము నిశ్చయమైన దినమునుండి పిండివంటలు, కంబళ్లు, పిల్లల ఉన్నిచొక్కాలు మన వంతు. దారి యేర్పరచుట మగవారి వంతు అని మా యింటను చాలకాలము వాడుకగా నుండెను. పోయిన సంక్రాంతికి జరిగినదాని పిమ్మట ఆ వాడుకను నేను మార్చితిని. అయినను ఆ తప్పు మావారిది కాదు, నాదే. ఆ సంగతి దాచక చెప్పెదను.

మాది రాజమహేంద్రవరము. ఇచ్చటినుండి అరకునకు ముఖ్యముగా మూడు దారులు కలవు. మొదటిది, పెద్ద రహదారి పట్టుకొని అనకాపల్లివరకు పోయి, సబ్బవరము, శృంగవరపుకోటల మీదుగా అనంతగిరి కనుమ నెక్కుట. రెండవది, అన్నవరము, తుని దాటి, ఎడమకు తిరిగి నర్సీపట్నము చేరి, లంబసింగి కనుమ నెక్కి, చింతపల్లి, పాడేరుల మీదుగా కొండలపైననే అరకు చేరుట. మూడవది, రంపచోడవరము, కొయ్యూరు ప్రాంతముల మీదుగా తొలినుండియు మన్యములోనే పోవుట. ఈ మూడవదానిని ఇటీవల 516-ఇ అను సంఖ్యగల జాతీయరహదారిలో చేర్చి విస్తరించుచు వచ్చిరి గాని, వృద్ధులును పిల్లలును ఉన్న బండికి అడవిలో అంతదూరము తగదని మేము దానిని ఆదిలోనే విడిచితిమి. మిగిలిన రెండింటికిని మైళ్ల లెక్కలో పెద్ద భేదము లేదు. మావారు బడిపంతులు గనుక దేశపటము ముందుంచుకొని అంగుళములు కొలుతురు. మా అమ్మాయి చేతిఫోనులోని నీలిగీతను చూపి ఇన్ని గంటల ఇన్ని నిమిషములని చదువును. కనుమలో మంచు ఏ వేళ దిగునో, ఏ వేళ విడుచునో ఆ అంగుళములలోను లేదు, ఆ నీలిగీతలోను లేదు.

పోయిన సంక్రాంతికి మేము రెండవ దారిని పట్టితిమి. లంబసింగి దగ్గరి చెరువులవేనము కొండపైనుండి సూర్యోదయవేళ చూచినయెడల క్రింది లోయ యంతయు పాలసముద్రమువలె నుండునని ఎవరో పంపిన ఛాయాచిత్రములు చూచి నాకు మతి పోయినది. చిన్ననాట మా తండ్రిగారి యొద్ద భాగవతములో క్షీరసాగరమథనము చదువుకొన్నదానను; ఆ సముద్రమును కన్నులార చూడవలెనని పట్టు పట్టితిని. అందులకు నర్సీపట్నములో తెల్లవారుజామున నాలుగు గంటలకే కదలవలెను. "చీకటిలో కనుమ యెక్కుట మంచిది కాదేమో" అని మావారు ఒకమారు అనిరి. నేను వినలేదు. మా అత్తగారు డెబ్బదియేండ్లవారు. చలిగాలి తగిలినచో ఉబ్బసము రేగును. వారిని నేను అడుగనైన లేదు.

ఊరు దాటువరకు నక్షత్రములు తేటగా నుండెను. మలుపులు మొదలైన కొంతసేపటికి మంచు కమ్మినది. మావారు దీపముల కాంతి హెచ్చించినకొలది ఎదుటి తెల్లనిగోడ మరింత తెల్లనగుచుండెను. లోపల మా యూపిరులకు అద్దములు మసకలు పట్టగా నేను కొంగుతో తుడుచుచుంటిని. వెనుకకు మరలుదమన్న తిరుగుటకు చోటు కానరాదు. నిలుతమన్న వెనుకవచ్చు బండి మమ్ము చూడదు. ఇట్లు నడచుచుండగా ముందుకు వంగి చూచుచున్న మా అమ్మాయి, "నాన్నగారూ, దారిలో ఆకులున్నవి!" అనెను. మావారు బ్రేకు త్రొక్కిరి. పచ్చికొమ్మలు, వాని వెనుక రెండు రాళ్లు, ఆ వెనుక నాలుగు బారల దూరములో దీపములు లేని లారీ యొకటి! చక్రము చెడి నిలిచియుండెను. కొండదారులలో బండి చెడినప్పుడు వెనుకవారికి ఎఱుకగుటకై కొమ్మలు నరికి పరచుట వాడుక. ఆ బండివాడు కొమ్మలు పరువకున్నచో ఈ నాలుగు మాటలు వ్రాయుటకు నేను ఉందునో లేదో.

కొండవైపునకు బండిని ఒదిగించి అక్కడనే నిలిచితిమి. అత్తగారికి ఆయాసము వచ్చినది. మందు పీల్చు గొట్టము పెట్టె యడుగున నెక్కడనో ఉండిపోయినది. మావారు సామానులన్నియు దారిమీద పరచి వెదకుచుండగా, నేను వారి వీపు రాయుచు కూర్చుంటిని. ఆ పావుగంట నాకు ఒక జన్మముగా తోచినది. లారీవాడు పుల్లలు రాజేసి నీళ్లు కాచి యిచ్చినాడు. ఎనిమిది గంటలు దాటినపిమ్మట తెర పలుచబడి, ముందు చెట్లును, పిదప లోయయు కానవచ్చెను. పాలసముద్రమును చూడవచ్చినవారము దానిలోనే మునిగియుంటిమి. అత్తగారు ఊపిరి కుదుటబడినపిమ్మట నన్ను ఒక్క మాటయు అనలేదు. "అమ్మాయీ, ఆ సముద్రములో ముందు పుట్టినది హాలాహలమే కదా!" అని మాత్రము నవ్విరి. తిట్టినను నాకంత సిగ్గు కలుగకపోవును.

ఇంటికి వచ్చినపిమ్మట మావారిని అడిగి ఈ మంచు సంగతి తెలిసికొంటిని. చలికాలపు రాత్రులయందు ఆకాశము నిర్మలముగా నున్నప్పుడు నేల తన వేడిమిని త్వరగా విడుచును. నేలనంటిన గాలి చల్లబడి, బరువై, వాలుల వెంట దిగి పల్లములలో నిలుచును. అందలి తడి సన్నని బిందువులగును. అదే మంచు. రాత్రియంతయు పెరిగి తెల్లవారుజామునకు దట్టమై, ఎండ నేలను కాచినపిమ్మట తొమ్మిది, పది గంటలకు చెదరును. కావున పైనున్నవానికి పాలసముద్రమైనది నడుమనున్నవానికి అంధకారము. దీపము హెచ్చించిన కొలది ఆ బిందువులు వెలుతురును తిరిగి మన కన్నులలోనికే కొట్టును. అందుచేత మంచులో దీపమును క్రిందికి దించి నడపవలెనట. దిగునప్పుడు బ్రేకును అదేపనిగా త్రొక్కినచో అది కాగి పట్టు సడలును. ఎక్కునప్పటి చిన్న గేరులోనే దిగవలెను. ఎక్కుబండికి దిగుబండి దారి విడువవలెనను నియమమును అందరును చదివినవారే గాని, సెలవుదినములలో పాటించువారు తక్కువ.

ఈ యేడు దారి నేర్పరచుపని నాకు వదలిరి. నేను మైళ్లు చూడలేదు. ఎండపొద్దు ఎన్ని గంటలో లెక్కించితిని. సంక్రాంతిదినములలో కొండలనడుమ పొద్దు త్వరగా వాలును. తొమ్మిదిన్నరకు ముందు కనుమ యెక్కరాదు, నాలుగు గంటల పిదప దారిమీద ఉండరాదు అని రెండు గీతలు గీసితిని. ఆ నడుమ ఆరున్నర గంటలలో ఏ దారి ఎంత యిముడునో అంతే ప్రయాణము. ఇట్లు లెక్కింపగా ఒక దినములో అరకు చేరుట ఏ దారినైనను పొసగలేదు. మావారు కొంత గునిసిరి. లంబసింగి మీదుగా నెక్కి అనంతగిరి మీదుగా దిగుట నిశ్చయించితిని. అనంతగిరి కనుమలో సెలవులనాడు బండ్ల రద్దీ యెక్కువయే గాని, దిగుచు నిలిచి విశ్రమించుటకు గాలికొండ మొదలైన తావులు అచ్చట కలవు. దిగునప్పుడే కదా బండికిని నడపువానికిని అలసట!

పాడేరునుండి మాడుగుల మీదుగా దిగు కనుమ ఒకటి కలదు. అది దగ్గరిదారి, పైగా గోధుమపాలు, నేయి, చక్కెరలతో చేయు మాడుగుల హల్వా ఆ దారిని దొరకును. మావారు ఆ గుణమును రెండుమూడుసార్లు వర్ణించిరి. అటు దిగినచో అరకు తప్పిపోవును. అరకు చూచి మరలి దిగుదమన్న సాయంకాలమగును. నేను ఒప్పుకొనలేదు.

మొదటి దినము అన్నవరములో సత్యనారాయణస్వామి దర్శనము చేసికొని, రాత్రి నర్సీపట్నములో నిలిచితిమి. మఱునాడు తొమ్మిదిన్నరకు బయలుదేరితిమి. బండి నిండ పెట్రోలు పోయించుట, అత్తగారి మందుగొట్టము నా మెడలోని సంచిలో నుంచుట ఈసారి మరువలేదు. మలుపులలో డోకు రాకుండ పిల్లకు కడుపునిండ పెట్టక, పేలాలు, నిమ్మకాయ యిచ్చి ఎదుటిదారిని చూడుమంటిని. పోయినసారి గోడగా నున్న కనుమ ఈమారు ఎండలో అడవియై కనిపించినది. ఈ దారిని వేయుటలో మన్యపువారిచేత చాలని కూలికి చాకిరి చేయించిరనియు, ఆ బాధ అల్లూరి సీతారామరాజు ఉద్యమమునకు ఒక కారణమనియు మావారు అమ్మాయికి చెప్పిరి. 1922వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన రాజు మొదట ముట్టడించినది చింతపల్లి ఠాణానే. పాడేరు ముఖ్యపట్టణముగా 2022లో ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టినారు. సుఖముగా కూర్చుండి పోవు మేము ఆ మాటలు విని కొంతసేపు మాటాడలేదు.

లంబసింగికి కొర్రబయలు అని మరియొక పేరు. ఆరుబయట పడుకొన్నవాడు తెల్లవారునప్పటికి కొర్రువలె బిగిసిపోవునని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. మా కొబ్బరినూనె సీసాలోనే గడ్డకట్టినది. పెరుగు తోడుకొనుటకు పాత్రను కంబళిలో చుట్టవలసివచ్చెను. వలిసెపూల పసుపు కాలము అప్పటికే గడచిపోయినది. దానికై పోగోరువారు నవంబరు, డిసెంబరులలోనే పోవలెను. కాఫీతోటలలో మాత్రము ఎఱ్ఱని పండ్లు ఇంకను ఉండెను. సిల్వరు ఓకు చెట్లనీడను కాఫీ, ఆ చెట్లకే ప్రాకిన మిరియపుతీగ, ఇట్లు ఒకే నేలమీద మూడు పంటలు! మన పెరటిలో ములగచెట్టు క్రింద కరివేపాకుమొక్క నాటినందుకే మనము మురిసిపోవుదుము.

పాడేరు మూడున్నరకు చేరితిమి. దగ్గరనే వంజంగి కొండ. అక్కడినుండియు ఆ పాలసముద్రము కనబడును. మఱునాడు తెల్లవారుజామున మావారును అమ్మాయియు ఆ యూరి జీపులో, ఆ దారి నిత్యము ఎఱిగిన డ్రైవరుతో పోయిరి. నన్నును రమ్మనిరి. "పోయిరా అమ్మాయీ, నాకేమి, కంబళి కప్పుకొని పడుకొందును" అని అత్తగారును అనిరి. నాకు పోవలెననియే యుండెను. పోలేదు. నీళ్లు కాచి, కిటికీ రెక్కలు బిగించి వారియొద్దనే కూర్చుంటిని. ఎనిమిదిన్నరకు మా అమ్మాయి చేతులు గడ్డకట్టి, ముక్కు ఎఱ్ఱబారి వచ్చి, "అమ్మా, నిజముగా పాలే!" అని చెప్పినది. కొంత అసూయ పడితిని.

తరువాతి దినము అరకు చూచి, ఆ పైదినము మధ్యాహ్నము పన్నెండుగంటలకు అనంతగిరి కనుమ దిగుచు గాలికొండయొద్ద నిలిచితిమి. ఎండ చక్కగా కాయుచుండెను. కొండవెనుక కొండ, నీలముపైన నీలము. అత్తగారు నా చేయి పట్టుకొని బండి దిగి, అన్నివైపులను చూచి, "ఏదే నీ పాలసముద్రము?" అని అడిగిరి.

"ఈ వేళకు కాగి ఇగిరిపోయినది అత్తగారూ" అంటిని.

వారు నవ్వి, అక్కడ అమ్ముచున్న కాఫీ త్రాగి, మరియొకటి తెమ్మనిరి. వచ్చే యేడు పాడేరు చూచి మాడుగుల కనుమ మీదుగా, పట్టపగలు పదకొండుగంటలకే దిగుదమని మావారు అప్పుడే మొదలుపెట్టిరి.

"దారికొఱకా నాయనా, హల్వాకొఱకా?" అని అత్తగారు అడిగిరి. మావారు బదులు చెప్పక బండి యెక్కిరి.