అమ్మ చేతి మందారం

మందారపువ్వు ఆయుష్షు ఒక్క పగలు. తెల్లవారుతుండగా విప్పారుతుంది, సాయంత్రానికి రేకులు ముడుచుకుంటుంది, మర్నాటికి చుట్టచుట్టుకుని రాలిపోతుంది. చెట్టు మీద రోజూ పువ్వు కనిపించాలంటే రోజూ ఒక మొగ్గ సిద్ధం కావాలి. మొగ్గ రావాలంటే కొత్త చిగురు సాగాలి, ఎందుకంటే మందారం మొగ్గ తొడిగేది లేత కొమ్మ మీదే, ఆకు తొడిమ మొదట్లో. అందువల్ల ఎప్పుడో ఏడాదికోసారి చేసే సేవ ఈ మొక్కకు చాలదు. రోజూ కాసేపు దాని దగ్గర నిలబడే మనిషి కావాలి. తెలుగిళ్లలో ఆ మనిషి చాలాచోట్ల అమ్మ. కొన్ని ఇళ్లలో ఉద్యోగ విరమణ చేసిన నాన్న.

పత్తి, బెండ, గోంగూర, గంగరావి, తుత్తురుబెండ అన్నీ మందారానికి చుట్టాలే. బెండపువ్వునూ మందారాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే పోలిక దానంతటదే తెలిసిపోతుంది. అయిదు రేకులు, మధ్యలో గొట్టంలా కలిసిపోయిన కేసరాలు, ఆ గొట్టంలోంచి బయటికొచ్చి అయిదుగా చీలిన కీలాగ్రం. బడిలో పువ్వును బ్లేడుతో నిలువునా కోసి భాగాలు గుర్తించమన్నప్పుడు పిల్లలు ఇంటినుంచి తెచ్చుకునేది ఎక్కువగా ఉమ్మెత్త, లేదా ఈ రేకమందారం. ముద్దమందారం ఆ పాఠానికి పనికిరాదు. దాంట్లో కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోయి ఉంటాయి, ముద్దకట్టిన ఆ నిండుదనమంతా అక్కడిదే. అంచులు చీలికలై, పొడవాటి కాడతో లోలాకులా వేలాడే మందారం వేరే జాతి, తూర్పు ఆఫ్రికాది. మిరపకాయంత ఉండి ఎప్పటికీ పూర్తిగా విచ్చుకోనిది అదే కుటుంబంలో మరో ప్రజాతికి చెందింది, అమెరికా ఖండాల నుంచి వచ్చింది.

మన పెరటి ఎర్రమందారానికి 1753లో కార్ల్ లిన్నేయస్ శాస్త్రీయ నామం పెడుతూ చైనా దేశంతో ముడిపెట్టాడు. అయితే తనంతట తానుగా అడవిలో పెరుగుతున్న ఎర్రమందారం వృక్షశాస్త్రజ్ఞులకు అక్కడే కాదు, ఎక్కడా దొరకలేదు. శతాబ్దాలుగా ఇది మనుషుల వాకిళ్లలో, గుడి తోటల్లో మాత్రమే బతుకుతోంది. పైగా ఇళ్లలో పెరిగే పాత రకాలు మామూలుగా కాయ కట్టవు, విత్తనం రాల్చవు. గాలి మోసుకుపోదు, పిట్ట మోసుకుపోదు. ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి చేరాలంటే ఎవరో ఒకరు కొమ్మ తుంచి ఇవ్వాలి, ఇంకొకరు దాన్ని నాటి బతికించాలి. మందారం విషయంలో మనిషి చెయ్యి అన్నది మెచ్చుకోలు మాట కాదు, ఆ మొక్క వంశం నిలబడే దారే అది.

ఆ పని వానాకాలంలో జరుగుతుంది. "వదినా, మీ ముద్దమందారం కొమ్మ ఒకటి ఇవ్వవూ" అని గోడ అవతలి నుంచి అడిగితే, ఇచ్చే ఆవిడ మరీ లేత కొమ్మ ఇవ్వదు, మరీ ముదురుదీ ఇవ్వదు. పచ్చదనం తగ్గి గోధుమరంగుకు తిరుగుతున్న, పెన్సిలంత లావున్న కొమ్మను ఎంచుతుంది. జానెడు పొడవున, కింది కణుపుకు కాస్త దిగువన ఏటవాలుగా కోస్తుంది. కింది ఆకులన్నీ తీసేసి పైన ఒకటి రెండు ఉంచుతుంది, పెద్దవైతే వాటినీ సగానికి కత్తిరిస్తుంది. వేర్లు లేని కొమ్మ నీరు తాగలేదు, ఆకులనుంచి మాత్రం తేమ పోతూనే ఉంటుంది కాబట్టి ఈ జాగ్రత్త. ఇసుక కలిపిన మట్టిలో రెండు కణుపులు మునిగేలా గుచ్చి, నీడపట్టున ఉంచి, తడి ఆరకుండా చూస్తే నాలుగు నుంచి ఆరు వారాల్లో వేర్లు పడతాయి. కోసిన చోట కలబంద గుజ్జు రాసేవాళ్లున్నారు, నర్సరీలవాళ్లు వేరు హార్మోను పొడి అద్దుతారు. ఈ కాలమంతటా కొమ్మను పీకి చూడకుండా ఉండడం అన్నిటికన్నా కష్టమైన పని. పైన చిగురు కనిపించగానే వేరు వచ్చిందనుకోవడానికి లేదు. కొమ్మలో దాచుకున్న సత్తువతోనే మొదటి చిగురు వచ్చేస్తుంది, వేరు తర్వాత వస్తుంది. చెయ్యి మంచిదని పేరు పడ్డవాళ్లు ఈ తేడా ఎరిగినవాళ్లు. రెండో విడత ఆకులు విచ్చేదాకా కుండీ కదపరు.

ఇలా కొమ్మతో వచ్చిన మొక్క పిల్ల మొక్క కాదు, అదే మొక్క. జన్యువుల్లో ఇసుమంత తేడా ఉండదు. అమ్మమ్మగారి పెరట్లోంచి అమ్మ కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్న కొమ్మ, దానినుంచి కూతురి ఫ్లాట్ బాల్కనీకి చేరిన కొమ్మ, మూడిట్లోనూ పూసేది ఒకే మందారం. పాత ఇల్లు అమ్మేసి పెరడంతా సిమెంటు చేసినా, ఆ చెట్టు ఎక్కడో ఒకచోట బతికే ఉంటుంది. తల్లిదండ్రుల వస్తువుల్లో పాతబడకుండా, అరిగిపోకుండా పిల్లలకు చేరేవి చాలా తక్కువ. వాటిలో మందారం ఒకటి.

చేతి చలవ అని ఊరంతా అనేది దేన్నని? ఆ పేరున్న తల్లి వెనక ఓ ఉదయం నడిస్తే తెలుస్తుంది. కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని మొక్కల మధ్య తిరుగుతుంటుంది, పని చేస్తున్నట్టే ఉండదు. వేలు మట్టిలో రెండు కణుపులు దిగేదాకా గుచ్చి చూస్తుంది. లోపల తడి తగిలితే ఆ పూట నీళ్లుండవు. ఆకు పైభాగం అందరూ చూస్తారు, ఆవిడ వెనక్కి తిప్పి చూస్తుంది. కుండీ అంచున చీమల బారు కనిపిస్తే అది ఏ కొమ్మకు ఎక్కుతోందో కళ్లతోనే వెంబడిస్తుంది. పొద్దుగూకాక మొక్క నిద్రపోతుంది, ముట్టుకోకూడదని ఆకు కూడా తుంచనివ్వదు. కోతలూ కత్తిరింపులూ వెలుగులో, మెలకువగా జరగడానికి ఆ నమ్మకం మంచి కట్టుబాటు. ఈ చూపు పుట్టుకతో వచ్చేది కాదు. ఏళ్ల తరబడి ఒకే మొక్కను ఒకే వేళకు చూస్తూ ఉండడం వల్ల నిన్నటికీ ఇవాళ్టికీ తేడా కంటికి తగులుతుంది.

ఆకు పసుపెక్కితే చాలామంది వెంటనే ఎరువు వేస్తారు. అనుభవమున్నవాళ్లు ముందు అది కింది ఆకా, పై ఆకా అని చూస్తారు. అడుగున ముదురాకులు ఒకటీ అరా పండి రాలడం సహజం, ఎక్కువగా రాలుతుంటే నీరు ఎక్కువవడమో, నత్రజని చాలకపోవడమో కారణం కావచ్చు. కొత్తగా విచ్చుకున్న పై ఆకులే పసుపుగా మారి, ఈనెలు మాత్రం పచ్చగా గీతలు గీసినట్టుంటే అది ఇనుపధాతు లోపం. మందారానికి కాస్త పుల్లదనం ఉన్న నేల ఇష్టం. క్షారం ఎక్కువైతే మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. ఉప్పదనం, సున్నం ఉన్న బోరునీళ్లు పోసే ఇళ్లలో ఈ లోపం మాటిమాటికీ కనిపిస్తుంది. వేరుశనగ పొలాల్లో రైతులు వాడే మందే ఇక్కడా పనిచేస్తుంది: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి చల్లపూట ఆకుల మీద పిచికారీ. ఇలాంటి బోరునీళ్లు పోసే ఇంట్లో గుడ్డుపెంకుల పొడి మందారానికి మేలు చేయదు, ఉన్న సున్నానికి మరికొంత సున్నం తోడవుతుంది. వంటింట్లో మిగిలిందల్లా మొక్కకు మంచిదే అన్న మాటను ఇక్కడ పక్కన పెట్టడం నయం.

మాగిన పశువుల ఎరువు, వర్మికంపోస్టు నమ్మదగిన తిండి. గుప్పెడు వేరుశనగ చెక్కను రెండు మూడు రోజులు నానబెట్టి, బాగా పలచన చేసి పోస్తే చిగురు జోరందుకుంటుంది. చిక్కగా పోస్తే వేర్లు మాడతాయి. బియ్యం కడిగిన నీళ్లు హాని చేయవు, అయితే అవి ఎరువుకు బదులు కావు. మందారానికి పొటాష్ కాస్త ఎక్కువ కావాలి, భాస్వరం ఎక్కువైతే గిట్టదు. అందుకే పూలమొక్కల పేరుతో అమ్మే భాస్వరం మెండుగా ఉన్న మిశ్రమాలు దీనికి తగవు.

ఎండ రోజుకు ఆరు గంటలైనా తగలాలి. నీడలో మొక్క ఆకులతో నిగనిగలాడుతుంది, పూయదు. ఒక్క నడివేసవిలో మాత్రం లెక్క మారుతుంది. రాయలసీమలోనూ తెలంగాణలోనూ మే నెల మధ్యాహ్నం డాబా సిమెంటు వేడెక్కి కుండీలో వేర్లను ఉడికిస్తుంది, మొగ్గలు విచ్చకుండానే రాలిపోతాయి. కుండీల కింద ఇటుకలు పెట్టడం, వాటిని దగ్గరగా జరిపి ఒకదాని నీడ ఒకదాని మీద పడేలా చేయడం, మట్టి మీద ఎండాకులు పరవడం, పడమటి వైపు షేడ్‌నెట్ కట్టడం, ఇవన్నీ డాబా మీద తోట పెంచేవాళ్లు ఒకరినుంచి ఒకరు నేర్చుకున్నవే.

నర్సరీనుంచి తెచ్చిన మొక్క కథ వేరు. తూర్పు గోదావరి జిల్లా కడియం చుట్టుపక్కల నర్సరీలనుంచి పసుపు, నారింజ, తెలుపు, రెండు మూడు రంగులు కలిసిన పెద్దపూల హైబ్రిడ్ మందారాలు నల్లకవర్లలో లారీలకెక్కి ఊరూరా తిరుగుతాయి. వాటి పువ్వు ఒక్కోసారి రెండు రోజులు నిలుస్తుంది. చాలావాటిని గట్టి నాటుమందారం మీద అంటుకడతారు. అంటు కింది భాగంనుంచి వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు తుంచకపోతే, ఏడాది తిరిగేసరికి పసుపుపువ్వు కోసం తెచ్చిన కుండీలో ఎర్రపువ్వు పూస్తుంది. కవరు మట్టి బంకగా ఉంటే మరో చిక్కు ఉంది. పైన వేసిన గుల్లమట్టి తడుస్తుంది, లోపలి ముద్ద పొడిగానే ఉండిపోతుంది, లేదా నీరు పట్టి కుళ్లుతుంది. నాటేటప్పుడు ఆ ముద్ద అంచులను వేళ్లతో మెల్లగా విప్పదీయడం అవసరం.

మందారానికి పెద్ద శత్రువు పిండినల్లి. లేత చిగురు మొదట్లో దూది అంటించినట్టు తెల్లగా పేరుకుని రసం పీల్చేస్తుంది. అది విసర్జించే తియ్యటి జిగురు కోసం చీమలు దాన్ని కాపాడతాయి. కాబట్టి చీమల దారి తెంచనిదే పిండినల్లి పోదు. 2008లో కోయంబత్తూరులో బొప్పాయి పిండినల్లి తొలిసారి బయటపడి దక్షిణాదిలో బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటలను నాశనం చేసినప్పుడు ఇళ్లలోని మందారాలూ దాని పాలబడ్డాయి. ఎన్ని మందులు కొట్టినా లొంగని ఆ పురుగును 2010లో ప్యూర్టోరికోనుంచి తెప్పించి వదిలిన చిన్న కందిరీగ జాతి కీటకాలు అదుపు చేశాయి. ఇంటి మొక్క మీద ఘాటైన మందు చల్లితే ఇలాంటి మిత్రపురుగులే ముందు చస్తాయి. సాధారణంగా నీటి ధారతో గట్టిగా కడగడం, ఆపైన లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రంపూట కొట్టడం సరిపోతుంది. సబ్బు లేకపోతే నూనె నీళ్లలో కలవదు, పురుగు మీది మైనపు పొరకూ అంటదు. పేనుబంకకూ తెల్లదోమకూ ఇదే వైద్యం.

కత్తిరింపు అంటే చాలామంది తల్లులకు మనసొప్పదు. మొగ్గలున్న కొమ్మను కోయడం బాధే. అయినా కొత్త కొమ్మకే పువ్వు గనుక, చలి తగ్గుతున్న మాఘ ఫాల్గుణాల్లో మూడోవంతు కత్తిరించిన మొక్క వేసవి ముందే గుబురుగా చిగిర్చి, కొత్త కొమ్మల మీద మొగ్గ తొడుగుతుంది.

పూసిన పూలు ఇంట్లో వృథా పోవు. ఎర్రమందారం అమ్మవారికి, వినాయకుడికి. ఆకులు నలిపితే వచ్చే జిగురును కుంకుడుకాయ రసంలో కలిపి తలంటితే జుట్టు చిక్కుపడదు, కుంకుడు గరుకుదనమూ తగ్గుతుంది. రేకులను కొబ్బరినూనెలో కాచుకునే ఇళ్లూ ఉన్నాయి. అవే రేకులను వేడినీళ్లలో నానబెడితే పిల్లల సైన్సు ప్రయోగానికి సూచిక ద్రావణం సిద్ధమవుతుంది. నిమ్మరసం పడితే ముదురు గులాబీ రంగు, వంటసోడా పడితే ఆకుపచ్చ. ఇక తేనెపిట్టలది వేరే వాటా. అవి పువ్వు ముందునుంచి రాకుండా తరచూ మొదట్లో ముక్కుతో చిల్లు పొడిచి తేనె తాగేసి పోతాయి.

పిల్లలు అమెరికాలో స్థిరపడ్డాక ఈ కొమ్మల దారి విమానాశ్రయం దగ్గర ఆగిపోతుంది. నాటడానికి పనికొచ్చే మొక్క ఏదైనా ఆ దేశంలోకి వెళ్లాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి, సంచిలో దాచి తీసుకెళ్లడం చట్టవిరుద్ధం, అక్కడి తోటలకు ప్రమాదం కూడా. అందుకని ఆరు నెలలకు వెళ్లిన తల్లిదండ్రులు అక్కడి నర్సరీలోనే మందారం కొని కుండీలో పెడతారు. మంచుకు తట్టుకునే మందారాలు కొన్ని అక్కడ నేలలోనే ఉంటాయి గానీ మన జాతి తట్టుకోదు. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగకముందే, ఆకులూ కాండమూ కడిగి పురుగు లేకుండా చూసుకుని, లోపలికి చేర్చాలి. దక్షిణం వైపు కిటికీ దగ్గర పెట్టి, నీళ్లు సగానికి తగ్గించి, ఎరువు ఆపేయాలి. ఆ మార్పుకు ఆకులు రాలితే చచ్చిపోయిందని పారేయకూడదు, కాండాన్ని గోటితో గీరి లోపల పచ్చగా ఉంటే అది బతికే ఉన్నట్టు. మంచు పడే రోజులు పూర్తిగా పోయాక కొమ్మలు తగ్గించి, ముందు నీడలో, వారం పది రోజుల తర్వాత ఎండలో పెడితే మళ్లీ చిగిర్చి వేసవిలో పూస్తుంది.