ఎండగోడ మీద ఎర్రచుక్కలు

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలయ్యేసరికి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరపడవలన్నీ జెట్టీకి చేరిపోతాయి. జూన్ 14 దాకా, 61 రోజులు, రంగులేసుకోవడం, ఇంజన్లు విప్పుకోవడం, వలలు బాగుచేసుకోవడం. అలాంటి ఒక మిట్టమధ్యాహ్నం అక్కడి గోడ మీద చూశాను వాటిని. ఆవగింజలో సగం కూడా లేవు. చెయ్యి పెడితే చురుక్కుమనే సిమెంటు మీద ఎర్రెర్రగా ఒకటే పరుగు. ఒకటి పగులు అంచున ఆగింది, ముందుకాళ్లెత్తి గాలిని తడిమింది, మళ్లీ పరుగందుకుంది.

"ఏటి బాబూ, గోడకేసి అలా సూస్తన్నారు? ఆరుద్ర పురుగు పిల్లలే అయ్యి" అన్నాడు పక్కన వల కుడుతున్న పెద్దాయన.

పిల్లలు కావు కానీ చుట్టరికం ఉంది. రెండూ నల్లులే (మైట్స్), మంచాల్లో కుట్టే నల్లులు కావు; ఎనిమిది కాళ్లతో సాలీడుకి దగ్గరివి. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె ప్రవేశించి, వాన పడిందంటే, ఇసుక కలిసిన ఎర్రనేలల్లోంచి మఖమల్ ముక్కలా పైకొస్తుంది ఆరుద్ర పురుగు. ఏడాదిలో ఎక్కువ భాగం దాని కాపురం మట్టిలోనే. పిల్లగా ఉన్నప్పుడు ఆరు కాళ్లతో మిడతలాంటి వాటిని పట్టుకుని బతుకుతుంది, పెద్దయ్యాక చెదల్ని తింటుంది. రైతుకి ఇంతకన్నా మంచి నేస్తం ఏముంటుంది?

ఎండగోడల నల్లుల్లో పేరున్నవి బలాస్టియం జాతివి. గోడల మీద రాలిన పుప్పొడి వాటికి ఇష్టమైన తిండి. నలిపితే చేతికి అంటుకునే ఎరుపు వాటి ఒంటిదే, మన నెత్తురు కాదు. ఇక కాలిఫోర్నియా కాలిబాటల మీద తిరిగే ఒక నల్లి సెకనుకి తన ఒంటి పొడవుకి 322 రెట్ల దూరం పరిగెడుతుందని 2014లో లెక్కతేల్చారు. చీతా పరుగు ఆ లెక్కన పదహారు రెట్లే! అదీ, 60 డిగ్రీల వేడెక్కిన కాంక్రీటు మీద. ఇంత చిన్న ప్రాణిలో అంత సత్తువ ఉందంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఆరుద్ర పురుగుల్ని ఏరి, ఎండబెట్టి, నూనె తీసి పక్షవాతానికి మందని అమ్మేవాళ్లున్నారు. దయచేసి కొనకండి. గోడనల్లులు ఇంట్లోకొస్తే తడిగుడ్డతో తీసేస్తే చాలు, పురుగుమందు కొట్టొద్దు. ఈ ఆరుద్రకి ఎర్రపురుగు కనిపిస్తే పిల్లల అరచేతిలో కాసేపు పాకనిచ్చి, తీసిన చోటే మట్టిలో వదిలేయండి.