వదులు

మతి కాస్త అటూ ఇటూ అయిన మనిషిని చూసి "వాడికి ఒక స్క్రూ లూజు" అనేయడం మనకు అలవాటు. తప్పు ఆ మరమేకుదే అన్నట్లు మాట్లాడతాము. కానీ మరమేకు తనంతట తాను వదులు కాదు. దానిని ఏదో ఒకటి పదే పదే కుదుపుతూ ఉంటుంది. ఆ కుదుపు ఎటువంటిదో తెలిస్తే తప్ప బిగింపు నిలవదు. ఈ టపా దాని గురించే.

అమెరికాలో ఉంటున్న మిత్రుడొకడు ఆ మధ్య ఒక ప్రశ్న వేశాడు. అతనికి గురిచూసి కాల్చడం సరదా. అతని వద్ద ఉన్నది .44 మాగ్నమ్ రివాల్వరు. 1955లో స్మిత్ అండ్ వెస్సన్ సంస్థ ఈ తూటాకు తొలి రివాల్వరును తయారు చేసింది. పేలిన ప్రతిసారీ చేతిని వెనక్కీ పైకీ విసిరికొడుతుందట. కొన్ని పదుల గుండ్లు పేల్చేసరికి పక్కపలకను పట్టి ఉంచే మరమేకులు కదిలిపోతున్నాయని, ఏమి చేయాలని అడిగాడు. తుపాకులతో నాకు పరిచయం లేదు. నాకు తెలిసినవి యాచారం పొలాల్లోని మోటార్లూ, ట్రాక్టర్లూ. అయినా వదులు ఎక్కడైనా వదులే గనుక, నాకు తెలిసిన దారినే జవాబు వెతికాను.

హైదరాబాదు నుండి నాగార్జునసాగరు పోయే రహదారిలో, ఇబ్రహీంపట్నం దాటాక యాచారం వస్తుంది. బావులూ, బోర్లూ, చెరువులే ఇక్కడి సేద్యానికి ఆధారం. పూర్వం బావిగట్టున డీజిలు ఇంజను పెట్టి నీళ్లు తోడేవారు. అది కొట్టే ప్రతి దెబ్బకూ కింది సిమెంటు దిమ్మె అదిరేది. దిమ్మెలో పాతిన బోల్టుల మీది నట్లు కొన్నాళ్లకే కదలడం మొదలుపెట్టేవి. వాటిని బాగుచేయ వచ్చే మేస్త్రీ ముందుగా పానా అందుకునేవాడు కాదు. నట్టు విప్పి, కిరసనాయిలులో తడిపిన గుడ్డతో మరచుట్లను తుడిచేవాడు. ఇంజను కాళ్ల కింద మన్నూ తుప్పూ గీకేవాడు. "బిడ్డా, జోరు చేస్తే ఆగదు, సాఫు చేస్తే ఆగుతది" అనేవాడు.

ఆ మాట వెనుక శాస్త్రం ఉంది. బోల్టును బిగించినప్పుడు అది రవ్వంత సాగుతుంది. సాగిన ఉక్కు స్ప్రింగులాగా వెనక్కి లాగుతుంది. రెండు భాగాలను కలిపి నొక్కి ఉంచేది ఆ లాగుడే. మనము పానా మీద పెట్టే బలంలో సుమారు 90 శాతం రాపిడికే ఖర్చవుతుంది. బోల్టును సాగదీసేది మిగిలిన పదవ వంతు మాత్రమే. మరచుట్లలో మన్ను చేరితే ఆ పదవ వంతు కూడా దక్కదు. చేతికి గట్టిగానే తగులుతుంది, లోపల పట్టు మాత్రం ఉండదు.

ఇక కుదుపు సంగతి. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు తన ప్రయోగాలతో ఒక విషయాన్ని స్పష్టం చేశాడు. బోల్టు పొడవునా లాగే బలం కంటే, దానికి అడ్డంగా వచ్చే కదలిక ఎంతో ప్రమాదకరం. కలిపిన భాగాలు ఒకదానిపై ఒకటి వెంట్రుకవాసి జారినా, ఆ క్షణంలో మరచుట్ల రాపిడి పట్టు తప్పుతుంది. ప్రతి జారుడుకూ నట్టు పిసరంత వెనక్కి తిరుగుతుంది. వేల కుదుపుల తరువాత ఊడి చేతికి వస్తుంది. కాబట్టి అసలు మందు జారనివ్వకపోవడం, అంటే తగినంత బిగింపు.

మనము నమ్ముకున్న స్ప్రింగు వాషరు ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. నట్టు పూర్తిగా బిగిశాక అది అణిగిపోయి మామూలు వాషరు అయిపోతుంది. బిగింపును నిలపడానికి అది పనికిరాదని 1990లో నాసా ప్రచురించిన బోల్టుల కరదీపికలోనే ఉంది.

రివాల్వరు మరమేకులు మరీ చిన్నవి, వాటిని బలంకొద్దీ బిగిస్తే తల చీలిపోతుంది. అందుకే మిత్రుడికి ఇలా రాశాను. ముందు గుండ్లన్నీ తీసి, గదులు ఖాళీ అని రెండుసార్లు చూసుకో. గాడిలో సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవరే వాడు. మరచుట్ల మీది నూనెను పూర్తిగా తుడువు. ఆపైన నీలిరంగు లాక్‌టైట్ ఒక్క బొట్టు చాలు, అది లోపలి యంత్రంలోకి కారకూడదు. అమెరికాలో రసాయనశాస్త్ర ఆచార్యుడైన వెర్నన్ క్రీబుల్ 1953లో రూపొందించిన జిగురు ఇది. గాలి తగిలినంతసేపూ ద్రవంగా ఉంటుంది, గాలి అందని చోట లోహాన్ని తాకి గట్టిపడుతుంది. నీలిరంగుదైతే మళ్లీ చేతి పనిముట్లతో విప్పవచ్చు. ఎర్రది పూస్తే వేడిచేస్తే తప్ప రాదు, తుపాకీకి అది వద్దు. ఎంత చేసినా, కాల్చిన ప్రతిసారీ ఒకసారి చూసుకోవడం మానవద్దు.

ఆ చివరి మాట రాస్తున్నప్పుడు నా మనసు తుపాకీ మీద లేదు, ట్రాక్టరు ట్రాలీ మీద ఉంది. నాట్లకూ, పత్తి ఏరడానికీ ఆడకూలీలు ఇరవైమంది ఒకే ట్రాలీలో కూర్చుని పోవడం మన పల్లెల్లో ఎరగనివారు లేరు. వారి ప్రాణాలు చక్రానికున్న నాలుగైదు నట్ల మీద ఆధారపడి ఉంటాయి. చక్రం మార్చాక కొత్త బిగింపు సర్దుకుని కొంత సడలుతుంది. కొన్ని గంటలు నడిపాక మళ్లీ బిగించాలి. ఒక నట్టు తరువాత దాని ఎదురు నట్టు బిగించుకుంటూ పోవాలి. ఆపైన నట్టు మీదుగా చక్రం దాకా సన్నని రంగుగీత గీస్తే, అది విరిగిన రోజున నట్టు కదిలిందని దూరం నుండే తెలుస్తుంది. అణా ఖర్చు లేని పని.

సంపన్న దేశాలు కూడా ఈ చూపును నిర్లక్ష్యం చేసి మూల్యం చెల్లించాయి. 2002 మే 10న ఇంగ్లండులోని పాటర్స్ బార్ వద్ద రైలు పట్టాలు తప్పి ఏడుగురు మరణించారు. పట్టాలు మారే చోట కడ్డీలను పట్టి ఉంచవలసిన నట్లు ఊడి ఉన్నాయని విచారణలో తేలింది. అక్కడ లేనిది విజ్ఞానం కాదు, వంగి చూసే మనిషి.

కొత్తది కట్టినవాడికి శిలాఫలకం ఉంటుంది. కట్టినదాన్ని రోజూ తట్టి చూసేవాడికి మన సమాజంలో పేరుండదు, సరైన కూలీ కూడా ఉండదు. ఏమీ జరగకపోవడమే అతని పనికి ఫలితం కాబట్టి, అది ఎవరి కంటా పడదు. ఈసారి ఊరికి పోయినప్పుడు, ఎవరైనా ట్రాలీ ఎక్కబోతుంటే చక్రం వైపు ఒకసారి చూడండి. గీత లేకపోతే డ్రైవరన్నతో ఒక మాట చెప్పండి.