నలుపు నలుపుగానే

మా నానీకి ఒకే ఒక్క ఫొటో ఉంది. మాచర్ల దాటి నల్లమల అంచున ఉన్న మా తండాలో, బడి గోడ ముందు ఆడవాళ్లందరినీ వరసగా నిలబెట్టి ఎవరో తీశారు. గోడకు అప్పుడే పిడుగురాళ్ల సున్నం కొట్టారు. ఆ గోడ తెల్లగా పడింది. కాంచళీల మీది అద్దాలు మెరుస్తూ పడ్డాయి. ముఖాలు మాత్రం పడలేదు. ముఖాలుండాల్సిన చోట నల్లటి మచ్చలున్నాయి. ఆ వరసలో మా నానీ ఎవరో మోచేతి పైదాకా ఉన్న గాజులను బట్టి పోల్చుకుంటాం. చిన్నప్పుడు అడిగితే, "మనం నల్లటోళ్లం గదా, ఫొటోలో సరిగ్గా పడం" అనేవాళ్లు పెద్దవాళ్లు. మేమూ అదే నమ్మాం.

చాలా ఏళ్లకు హైమండార్ఫ్ తీసిన చెంచుల ఫొటోలు చూశాం. ఆయన 1940లో కృష్ణ అవతల, అమ్రాబాద్ వైపు నల్లమలలో చెంచుల మధ్య ఉండి రాసుకున్నాడు, ఫొటోలు తీశాడు. 1943లో వాళ్ల మీద పుస్తకం వేశాడు. చెంచులూ మాలాగే నల్లనివాళ్లు. అయినా ఆ ఫొటోల్లో కళ్లున్నాయి, ముడతలున్నాయి, నవ్వుంది. అంటే తప్పు మా ఒంటి రంగుది కాదు.

ఆ సంగతేందో తేల్చుకోవాలని తండాలో చదువుకున్న నలుగురం తలా కొంత వేసుకున్నాం. నరసరావుపేటలో స్టూడియో మూసేస్తున్న ఒక పెద్దాయన దగ్గర పాత పెంటాక్స్ కె-1000 కొన్నాం. ఫోనుండగా ఇదెందుకని మా పిల్లలే నవ్వారు. ఫోను వెలుగును తనే సర్దుకుంటుంది. ముఖం ఎందుకు నల్లబడిందో మనకు చెప్పదు. ఈ కెమెరాలో అన్నీ మన చేత్తోనే తిప్పాలి. లెన్సు చుట్టూ ఉన్న రింగు తిప్పితే వెలుగు వచ్చే కన్నం పెద్దదవుతుంది, చిన్నదవుతుంది. 5.6 కంటే 16 చిన్న కన్నం. పైనున్న చక్రం తిప్పితే షట్టర్ ఎంతసేపు తెరుచుకోవాలో కుదురుతుంది. 500 అంటే సెకనులో అయిదు వందలో వంతు. లోపల చూస్తే పక్కన ఒక ముల్లు ఉంటుంది. అది మధ్యకొస్తే వెలుగు సరిపోయినట్టు.

ఫేటియా, కాంచళి రోజూ కట్టుకునే ముసలమ్మలు అప్పటికి తండాలో ఐదుగురే మిగిలారు. ఐదుగురినీ బడి దగ్గర వేపచెట్టు నీడలో నిలబెట్టాం. వెనక ఎండలో సున్నపు గోడ. 400 రీలు వేశాం. 16 మీద 500 పెడితే ముల్లు మధ్యకొచ్చింది. నమ్మకంగా నొక్కాం. రీలు కడిగించి తెస్తే మా నానీ ఫొటోయే మళ్లీ తీసినట్టుంది. తెల్లటి గోడ, మెరిసే అద్దాలు, నల్లటి మచ్చలు. ఇంకో రీలు కొనేలోపు వాళ్లలో పెద్దామె చనిపోయింది. నెగెటివ్ పట్టుకుని పేటకు పోయి, ముఖం కొంచెమన్నా తేగలరా అని పెద్దాయన్ని అడిగాం. దీపానికి అడ్డం పెట్టి చూసి, "నెగెటివ్‌లో పడని వెలుగు ప్రింటులోకి ఎక్కడి నుంచి తెచ్చేది మాస్టారూ?" అన్నాడు.

తర్వాత ఆయనే కూర్చోబెట్టి చెప్పాడు. ముల్లుకు మనుషులు తెలియరు. సగటు ఒక్కటే తెలుసు. ఎదుట ఏమున్నా మధ్యరకం బూడిదరంగే అనుకుంటుంది, పడిన వెలుగులో 18 శాతం తిప్పి పంపే బూడిదరంగు. సున్నపు గోడను, అద్దాలను చూసి వెలుగు ఎక్కువైందని తగ్గించమంటుంది. గోడ కోసం తగ్గిస్తే ముఖం చీకట్లో మునుగుతుంది. కాబట్టి ముందు ముఖం దగ్గరికి పోవాలి. ముఖం నిండుగా కనిపించేటట్టు చూసి, లెక్క అక్కడ తీసుకుని, వెనక్కొచ్చి తీయాలి.

రెండోసారి అట్లాగే చేశాం. ముఖం దగ్గర ముల్లు 5.6 మీద 250 అడిగింది. అంటే మొదటిదానికి 16 రెట్ల వెలుగు. అయితే ముల్లు చెప్పిందంతా వింటే అది మా నలుపును కూడా బూడిద చేస్తుంది. అందుకని ఒక మెట్టు తగ్గించి 500 పెట్టాం. నలుపు నలుపుగానే ఉండాలి, అందులో మనిషి కనపడాలి.

మేం టీటీసీలో సగటు విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని పాఠం చెప్పడం నేర్చుకున్నవాళ్లం. తెలుగు ఇంటి భాష అయిన పిల్లలకు సరిపడా పాఠం చెప్పి, వెనక బెంచీలో ఉన్న మా తండా పిల్లలకు చదువు రాదని ఎన్నిసార్లు రాసి ఉంటామో. ఇప్పుడు తరగతిలో ముందు వాళ్ల పక్కకు పోయి, మా మాటలో అడిగి, తర్వాతే బోర్డు దగ్గరికి వస్తున్నాం.

ప్రింట్లు నలుగురికీ ఇచ్చాం. ఒక నానీ తన ముఖాన్ని చాలాసేపు చూసుకుంది. తర్వాత, పోయినామె ఫొటో ఏదని అడిగింది. మొదటి రీలుదే చేతిలో పెట్టాం. ఆమె వేలితో ఆ నల్లటి మచ్చను తడిమి, "ఇక్కడ నవ్వుతా ఉంది, నేను పక్కనే ఉన్నా గదా" అంది.