తిమింగలం ఈదదు... పరిగెడుతుంది!

సికింద్రాబాద్‌కి సముద్రం చాలా దూరం. ఇక్కడివాళ్లలో తిమింగలాన్ని కళ్లారా చూసినవాళ్లు అరుదు. అయినా సరే, అది చేపలా ఎందుకు ఈదదో తెలుసుకోవడానికి ఊరు దాటాల్సిన పన్లేదు. ఓ చేప, ఓ బల్లి, ఓ కుక్క... ఈ మూడూ చాలు.

ముందు చేప. ఆదివారం పొద్దున్నే సంచీ పట్టుకుని రాంనగర్ చేపల మార్కెట్‌కి వెళితే, బేరం మొదలుపెట్టే ముందు ప్రాణంతో ఉన్న కొర్రమీనును ఓ నిమిషం గమనించండి. ఒళ్లు కుడికీ ఎడమకీ వంపులు తిరుగుతుంది. నిలువుగా ఉన్న తోకరెక్క నీటిని పక్కలకు నెడుతుంది. ఆ కదలిక కోసమే కండంతా వెన్నుకు రెండువైపులా పొరలు పొరలుగా పేర్చి ఉంటుంది. పులుసులో ఉడికిన ముక్క వేలు తగలగానే రేకుల్లా విడిపోయేది అందుకే!

ఇక బల్లి. ట్యూబ్‌లైటు దగ్గర పురుగు కోసం ఉరికే బల్లిని చూస్తే, గోడమీద ఈదుతున్నట్టే ఉంటుంది. నడుము అటూ ఇటూ ఊగుతుంది. కోట్ల ఏళ్ల కిందట చేపల సంతతి కాళ్లు మొలిచి నేలకెక్కినప్పుడు వెంట తెచ్చుకున్న పాత అలవాటది. మొసలిదీ అదే వరస.

కుక్క దగ్గరికొచ్చేసరికి కథ మారుతుంది. పరేడ్ గ్రౌండ్స్ వైపు దౌడు తీసే వీధికుక్కను పక్కనుంచి చూడండి. నడుము విల్లులా పైకి వంగుతుంది, మళ్లీ సాగుతుంది. క్షీరదాల కాళ్లు పక్కలకు చాచుకోకుండా ఒంటికిందికి చేరాయి. దాంతో వెన్ను పైకీ కిందికీ వంగడం మొదలైంది.

తిమింగలం ఈ కుక్క వరసలోది. దాని పూర్వీకులు నేలమీద నాలుగు కాళ్లతో తిరిగినవే. సముద్రంలో స్థిరపడ్డాక వెనక కాళ్లు పోయాయిగానీ, నడుము వంపు పోలేదు. అందుకే దాని తోక అడ్డంగా పరచుకుని ఉంటుంది, నీటిని పైకీ కిందికీ కొడుతుంది. ఒకరకంగా అది కాళ్లులేని దౌడు!

‘గాలి కోసం పైకి రావాలి కదా, అందుకే అలాంటి తోక’ అనిపించవచ్చు. పైకి రావడానికి అది కలిసొచ్చిన మాట నిజమే. కానీ డైనోసార్ల కాలంలో సముద్రంలో బతికిన ఇక్తియోసార్లు కూడా గాలే పీల్చేవి. అవి సరీసృపాలు. వాటి తోక మాత్రం చేపకు మల్లే నిలువుగా తయారైంది. నీళ్లు అందరికీ ఒకటే, వారసత్వాలే వేరు.

తిమింగలం నేలమీది చుట్టరికానికి పెద్ద సాక్ష్యం మనదేశంలోనే దొరికింది. జమ్మూకశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర భూగర్భ శాస్త్రవేత్త ఎ.రంగారావుకు రాళ్లలో కొన్ని పళ్లు, దవడ ముక్కలు కనిపించాయి. 1971లో ఆ జీవికి ‘ఇండోహ్యూస్’ అని పేరుపెట్టారాయన. ఆయన కన్నుమూసేనాటికి, సేకరించిన రాళ్లలో చాలావాటిని పగలగొట్టనే లేదు. చూసేవాళ్లకు అవి వట్టి బండలే! కానీ ఆయన భార్య వాటిని అమెరికాలో పనిచేసే హాన్స్ థెవిస్సెన్ అనే శాస్త్రవేత్త చేతికి అందించారు. ఓరోజు ఆయన సహాయకుడి చేతిలో ఓ పుర్రె అనుకోకుండా విరిగింది. లోపల చూస్తే చెవి ఎముక... తిమింగలాల జాతి గుర్తుగా చెప్పుకునే మందపాటి గోడతో! ఆ సంగతి 2007లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. సుమారు 4.8 కోట్ల ఏళ్లనాటి ఆ జీవి పిల్లి అంతే ఉండేది. తిమింగలాలకు దగ్గరి చుట్టం. దాని ఎముకలు బరువైనవి కాబట్టి నీటి అడుగున నడిచేదని తేల్చారు. గుజరాత్‌లోని కచ్‌లో దొరికిన మరో పాతకాలపు తిమింగలానికైతే కాళ్లు పొట్టి, తోక పొడవు. కాళ్ల పని తోక మీదికి మారడం అక్కడ కనిపిస్తుంది.

ఈ తేడా తెలిసి ఎవరికి లాభం అంటారా? 2021 డిసెంబరులో విశాఖపట్నం దగ్గరి తంతడి తీరానికి ఓ భారీ జీవి వచ్చింది. పేరులో తిమింగలం ఉన్నా అది తిమింగల సొర... నిలువు తోక ఉన్న చేప. మత్స్యకారులు, అటవీ సిబ్బంది కలిసి దాన్ని తిరిగి సముద్రంలోకి పంపారు. చేపకు నీళ్లలోనే ఊపిరి. అదే డాల్ఫిన్ వలలో చిక్కి పైకి రాలేకపోతే, నీళ్లలోనే ఊపిరాడక చనిపోతుంది. కాబట్టి ఒడ్డున ముందు చూడాల్సింది తోకనే. నిలువుగా ఉంటే తల నీళ్లలో ఉండనివ్వాలి. అడ్డంగా ఉంటే నడినెత్తిన ఉండే ముక్కురంధ్రంలోకి నీళ్లు పోకుండా చూడాలి.