పిలిస్తే పలకని రోజులు

మా అబ్బాయికి డౌన్ సిండ్రోమ్. వాడికి ఏమొచ్చినా జనం ముందు ఆ పేరే చెబుతారు. మాటలు ఆలస్యమైతే అందుకేనంటారు, అన్నం సరిగా నమలకపోయినా అందుకేనంటారు. నాలుగేళ్ళు దాటాక పిలిస్తే తిరిగి చూడడం మానేశాడు. దానికీ అదే మాట. "వాడికి బుద్ధి పుడితేనే పలుకుతాడండీ" అన్నారు బడిలో. కుక్కర్ కూత వేస్తే చెవులు మూసుకునే పిల్లవాడు, పక్కనే కూత వేసినా కారు బొమ్మ దొర్లించుకుంటూ కూర్చునేవాడు. స్పీచ్ థెరపీలో కష్టపడి నేర్చుకున్న మాటలు కూడా ముద్దముద్దగా అయిపోయాయి.

రాత్రిళ్ళు తల దిండుకేసి కొట్టుకునేవాడు. నొప్పి అని చెప్పడం వాడికి రాదు. వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు వేద్దామన్నారు అత్తయ్య. ఆవిడ తన పిల్లలందరికీ అలాగే చేశారు. ప్రేమతోనే అన్నారు. లోపల ఏముందో తెలియకుండా వద్దత్తయ్యా అన్నాను. ఇంట్లో రెండు పూటలు మాటల్లేవు.

చెవి డాక్టరు గారు లైటు పెట్టి చూసి, "కర్ణభేరి కనబడడం లేదమ్మా, రెండు వైపులా గులిమి గట్టిపడి దారి మూసేసింది" అన్నారు. గులిమి మురికి కాదట. చెవి బయటి భాగంలోని గ్రంథులే దాన్ని తయారుచేస్తాయి, దుమ్మూ నీళ్ళూ లోపలికి పోకుండా అది కాస్తుంది. లోపలి చర్మం కొద్దికొద్దిగా బయటికి జరుగుతూ, నమిలేటప్పుడు దవడ కదులుతూ, పాతదాన్ని బయటికి తోసేస్తాయి. డౌన్ పిల్లల్లో చాలామందికి చెవి దారి బాగా సన్నం. అందుకని అక్కడే ఆగి గట్టిపడుతుంది. బడ్స్ పెడితే ఇంకా లోపలికి పోతుంది.

ఎప్పుడైనా చీము కారిందా అని అడిగి, లేదన్నాక కరిగించే చుక్కలు రాశారు. చల్లగా వేస్తే కళ్ళు తిరుగుతాయని, సీసాను అరచేతుల్లో వెచ్చబరిచి వేసేదాన్ని. చుక్కలకు గులిమి ఉబ్బి, ఉన్న కాస్త వినికిడీ తగ్గొచ్చని ఆయన ముందే చెప్పారు. చెప్పినట్టే అయింది. తెలిసినా తట్టుకోలేకపోయాను. నేను మాట్లాడుతుంటే వాడు నా పెదవుల మీద వేళ్ళు పెట్టి తడిమేవాడు.

కర్ణభేరికి చిల్లు ఉందో లేదో తెలియకుండా నీళ్ళు కొట్టకూడదని, మైక్రోస్కోపులో చూస్తూ సక్షన్ గొట్టంతో తీస్తామన్నారు. వాణ్ణి దుప్పటిలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. తల పట్టుకోబోయిన మా ఆయన్ని డాక్టరు గారు ఆపారు. డౌన్ పిల్లల్లో కొందరికి మెడ పైభాగంలోని ఎముకల మధ్య పట్టు వదులుగా ఉంటుంది, మెడ వంచకూడదు, తిప్పకూడదు, నుదురూ గడ్డమూ మాత్రమే నిమ్మళంగా ఆనించి పట్టుకోవాలి అన్నారు. ఆ గొట్టం చెవిలో చేసే చప్పుడు పెద్దవాళ్ళకే భయమట. ఎందుకు పట్టుకున్నానో వాడికి చెప్పే దారి లేదు. కన్నతల్లే కదలకుండా అదిమిపెడితే బిడ్డ ఎవరికి మొర పెట్టుకుంటాడు? అరిచి అరిచి గొంతు పోయింది. మధ్యలో ఆపేయమని అడగాలనిపించింది. డాక్టరు గారు రెండుసార్లు ఆపి వాణ్ణి ఊపిరి తీసుకోనిచ్చారు. ఆ ఓపికకు ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

కుడి చెవిలోంచి నల్లగా, చింతపిక్కలా గట్టి ముద్ద వచ్చింది. వరండాలో టోకెన్ నంబరు పిలిచిన గొంతుకు వాడు ఉలిక్కిపడి అటు తిరిగాడు. నాకు సంతోషం కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. అన్ని నెలలు వినబడని పిల్లవాడికి మాటలు నేర్పాలని చూశాం. మొండివాడన్నాం. ఒక్కరైనా చెవిలోకి చూడలేదు.

ఎడమ చెవి దారి ఇంకా సన్నం. అక్కడి గులిమి సగమే వచ్చింది. కర్ణభేరి వెనక నీరు చేరిందేమో, కర్ణభేరి కనబడితేగానీ తేలదు. ఆ నీరు కూడా ఈ పిల్లల్లో మామూలేనట. కొన్ని నెలలకోసారి చూపించాలి, వినికిడి పరీక్ష విడిగా చేయించాలి. వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాం. ఈమధ్య ఆసుపత్రి గేటు చూడగానే వాడు చెవులు రెండూ చేతులతో మూసుకుంటున్నాడు.